చుక్క పెట్టని ముక్క

ఆమెను ఆ ఫ్యాక్టరీలో అందరూ చుక్కలక్క అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది. హాజరు వేసే గుమస్తా కూడా దాన్ని పైకి చదవకుండా, ఆమె మొహం చూసి టిక్కు పెట్టేసేవాడు.

ఇస్త్రీపెట్టెలు తయారయ్యే పొడవాటి రేకుల షెడ్డు అది. షెడ్డు చివర, మెట్ల కింద మిగిలిపోయిన జాగాను చెక్కలతో మూసి ఆమెకు గదిగా ఇచ్చారు. ఒక బల్ల, బల్ల అంచుకు బిగించిన దీపం, గాజు తలుపుల అలమర, ఒక కుర్చీ. రెండో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. పైన మెట్ల మీద ఎవరు నడిచినా ఆమె నెత్తిన నడిచినట్టే వినపడేది. ఏ అడుగు ఎవరిదో ఆమెకు తెలుసు. ఆ అడుగుల్లో ఏదీ తన గది వైపు తిరగదని కూడా తెలుసు.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నదే. ఇస్త్రీపెట్టె విప్పితే అరవై రెండు ముక్కలు వస్తాయి. ఒక్కొక్క ముక్కనూ అరచేతిలో పెట్టుకుని ఆమె ఒకటే ప్రశ్న అడిగేది: నువ్వు నీ పని మానేస్తే ఏమవుతుంది? బట్ట ముడత పోదు, దీపం వెలగదు, రంగు వెలిసిపోతుంది, ఇలాంటి జవాబు వస్తే పక్కన పెట్టేది. మనిషికి షాకు కొడుతుంది, ఇల్లు అంటుకుంటుంది అన్న జవాబు వస్తే మాత్రం చిన్న బ్రష్షుతో దాని మీద ఎర్ర చుక్క పెట్టేది. ఆ నమూనా అలమరలోకి వెళ్ళేది, దాన్ని చూసి తయారయ్యే ముక్కలన్నీ అదే చుక్కతో వచ్చేవి. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎంత వేడికి ఆగుతుంది అన్న వివరాలు పుస్తకంలోకి వెళ్ళేవి. చుక్క పడిన ముక్కను ఆమె సంతకం లేకుండా మార్చడానికి వీల్లేదు. చుక్క లేనిదాన్ని పర్చేజు వాళ్ళు ఎక్కడ నచ్చితే అక్కడ తెచ్చుకోవచ్చు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ అదే పద్ధతి.

"కరెంటు నడిచే దారినే నా వేలూ నడుస్తుంది" అనేది ఆమె. ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి, వైరు వెంబడి, స్విచ్చులోకి, అక్కణ్ణించి వేడెక్కే కాయిల్లోకి, మళ్ళీ వెనక్కి. వేలు తగిలిన ప్రతి ముక్కనూ అడిగేది. రెండో తిరుగుడు ఎర్తు వైరు వెంబడి. మూడో తిరుగుడు మనిషి చెయ్యి పడే చోట్లన్నీ. మూడూ అయ్యాకే బ్రష్షు కడిగేది. పనికి కూర్చునే ముందు కళ్ళు మూసుకుని, "నా కంటికి ఆననిది నువ్వు చూపించు తండ్రీ" అనుకోవడం ఆమెకు అలవాటు.

ఆమె కాదన్నప్పుడల్లా ఎవరిదో ఒకరి పని ఆగేది. అందుకని మనుషులు ఆమెతో బాగానే మాట్లాడేవారు గాని, దగ్గర కూర్చునేవారు కాదు. పర్చేజు ఆయన ఒక్కడే వేళాకోళానికి గుమ్మం దాకా వచ్చేవాడు. బేరంలో ఎదుటివాణ్ణి ఏడిపించి గాని వదలడని ఆయనకు పేరు.

"అక్కా, నా మీద కూడా ఓ చుక్క పెట్టేద్దురూ. నన్నెవరూ మార్చకుండా ఉంటారు."

"మీరు పని మానేసినా ఎవరికీ షాకు కొట్టదు బాబూ. అందుకే పెట్టలేదు."

దగ్గర్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు, ఆయనతో సహా. నవ్వులయ్యాక ఎవరి క్యారేజీలు వాళ్ళు తీసుకుని, కిటికీల కింద ఉన్న పొడవాటి బల్ల దగ్గరకు వెళ్ళిపోయేవారు. ఆమె తన గదిలోనే, దీపం కొంచెం పక్కకు వంచి, పుస్తకం మీద మెతుకు పడకుండా భోజనం చేసేది.

రోజూ మూడు గంటలకు మాత్రం ప్యాకింగ్ పిన్ని టీ తెచ్చేది. ఆమెకు అరవై దగ్గర పడుతోంది. అట్టపెట్టెలు కట్టీ కట్టీ బొటనవేళ్ళు వంకరపోయాయి. గ్లాసు మీద మూత పెట్టి, బల్ల మూల ఆనించి, "చల్లారకముందే తాగు. నీ ఇస్త్రీపెట్టెలు కాళ్ళొచ్చి పారిపోవులే" అని వెళ్ళిపోయేది. అంత చిన్న మాటకే ఆ గది కాసేపు వెచ్చగా ఉండేది. దేవుడు మనుషుల్ని మరిచిపోలేదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద గుర్తులు పంపడు కాబోలు.

ఇల్లు చెప్పుల దుకాణం మీద రెండు గదులు. తోడబుట్టిన అక్క, తనూ ఇద్దరే అందులో బతికారు. అక్క బట్టలు కుట్టేది. పెళ్ళి మాట ఇద్దరికీ రావలసిన వయసులో రాలేదు. వచ్చిన వయసులో ఒకరిని వదిలి ఒకరు వెళ్ళడం కుదరలేదు. మూడేళ్ళ కిందట అక్క పోయింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. సాయంత్రం తలుపు తాళం తీసి, "అక్కా, వచ్చేశా" అనడం మాత్రం చుక్కలక్క మానలేదు. అన్నాక కాసేపు గుమ్మంలోనే నిలబడి చెప్పులు విప్పుకునేది.

ఫ్యాక్టరీకి పాతికేళ్ళు నిండిన సందర్భంలో పనివాళ్ళందరికీ కొత్త తయారీలోంచి ఒక్కొక్క ఇస్త్రీపెట్టె ఇచ్చారు. ఆమె రోజూ ఉదయం దానితో తన నీలం కోటు ఇస్త్రీ చేసుకునేది. ముందు కాలరు, తరవాత చేతులు, వీపు ఆఖర్న. అక్క నేర్పిన వరస అది. ఏడు వారాలు అలాగే గడిచాయి. ఎనిమిదో వారం మంగళవారం నాడు, కోటు ఎడమ చెయ్యి మడత పెడుతుంటే, పిడి వెనక పట్టుకున్న వైరు వేళ్ళ మధ్య కదిలింది.

కదలడమంటే గోరంత. ఇంకొకరైతే గమనించి ఉండరు. ఆమె వెంటనే ప్లగ్గు పీకేసింది. పెట్టె చల్లారేదాకా దాని ఎదురుగా కుర్చీలో కూర్చుంది. తరవాత స్కేలు పెట్టి కొలిచింది. వైరు రెండు మిల్లీమీటర్ల కంటే జరగకూడదు. నాలుగు జరిగింది.

అక్క కుట్టుమిషను సొరుగులో ఉన్న స్క్రూడ్రైవరుతో పిడి విప్పింది. లోపల, వైరు పెట్టెలోకి వచ్చే చోట, దాన్ని గట్టిగా కరిచి పట్టుకునే బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని క్లాంపు అంటారు. ఎవరైనా వైరు లాగితే ఆ లాగుడు క్లాంపు దగ్గరే ఆగిపోవాలి. లోపల చిన్న స్క్రూల కింద ఉన్న వైరు కొసలదాకా పోకూడదు. పోతే కొసలు ఊడతాయి. ఊడిన కొస ఇనుప పలకకు తగిలితే, ఎర్తు సరిగా లేని ఇంట్లో ఇస్త్రీ చేస్తున్న మనిషి గతి చెప్పనక్కర్లేదు.

క్లాంపు మీద గోరు నొక్కింది. గోరు దిగింది. పిడి లోపలి వేడికి ఏడు వారాల్లో అది మైనంలా మెత్తబడింది. రంగు పాతదే, ఆకారం పాతదే. ప్లాస్టిక్ మాత్రం పాతది కాదు.

తనకేమైనా అయి ఉంటే అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. మంగళవారం పొద్దున అయి ఉంటే, మూడు గంటలకు పిన్ని టీ పట్టుకుని వచ్చి, ఖాళీ కుర్చీ చూసేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆదివారం అయి ఉంటే ఇంకా ఒక రోజు. ఆమె దాన్ని భయంతో అనుకోలేదు. ఊరికే, గంటలు లెక్కపెట్టుకుంది.

ఆ తరవాతే క్లాంపును దీపం కిందకు తెచ్చి, అన్ని వైపులా తిప్పి, ఎర్ర చుక్క కోసం వెతికింది. లేదు.

ఫ్యాక్టరీకి వెళ్ళగానే కోటు కూడా వేసుకోకుండా పుస్తకం తీసింది. ఆ రకం పెట్టె పుట పదకొండేళ్ళ కిందటిది. పైన తేదీ, కింద ఒకటి నుంచి పదమూడు దాకా వరసగా ముక్కల వివరాలు, అంతా తన చేతిరాతే. పద్నాలుగో గీత ఖాళీగా ఉంది. క్లాంపు ఎక్కడా లేదు.

ఎలా తప్పిపోయిందో కూడా ఆమెకు తెలిసిపోయింది. కరెంటు పోయే ముక్క కాదు అది. ఎర్తుదీ కాదు. లోపల దాక్కుంటుంది గనక మనిషి చెయ్యి పడేదీ కాదు. మూడు తిరుగుళ్ళలోనూ తన వేలు వైరు మీదనే నడిచింది, దాన్ని పట్టుకున్నదాని పక్కనుంచి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళు పాత క్లాంపు గట్టిది కాబట్టి ఏమీ కాలేదు. రెండు నెలల కిందట పర్చేజు ఆయన ఇంకో చోట కొన్నాడు. కొనేముందు ఈ పుట చూసే ఉంటాడు. చుక్క లేదు. కొన్నాడు. పెట్టె కొత్తగా ఉన్నప్పుడు వైరును ఇరవై అయిదుసార్లు లాగి చూసే పరీక్షలో కూడా అది నెగ్గింది. మెత్తబడేది వాడకంలో.

వెయ్యికి పైగా పెట్టెలు బయటికి వెళ్ళాయి. ఇంకో ఆరు వందలు పెరట్లో లారీకి ఎక్కుతున్నాయి. సాయంత్రానికి కదులుతుంది.

చుక్కలక్క కలం తీసింది. స్టోరులో ఇన్నేళ్ళూ అదే నీలం సిరా. పద్నాలుగు, వైరు క్లాంపు. రాయడానికి పది క్షణాలు పట్టదు. పైన తేదీ ఎలాగూ ఉంది. అప్పుడు లారీ ఆగుతుంది, పెట్టెలు వెనక్కి వస్తాయి, జరగవలసినదంతా జరుగుతుంది. తప్పు మాత్రం, చుక్క ఉన్న ముక్కను సంతకం లేకుండా మార్చిన మనిషిది అవుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమెకు మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. దాని మాటను ఎవరూ కాదనలేదు. ఇల్లు, మనుషులు, వయసు ఎటు పోయినా అది నిలబడింది.

కలం మూత తీసి ఉండగానే నెత్తిమీద మెట్లు చప్పుడయ్యాయి. కొంచెం ఈడ్చి వేసే అడుగు. పర్చేజు ఆయనది. ఎప్పుడో లారీ మీదనుంచి పడి మోకాలు దెబ్బతిన్నదట. దిగేటప్పుడు ఆయన ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగుతాడు. ఆమె పద్నాలుగు మెట్లూ విన్నది. విన్నాక కలానికి మూత పెట్టేసింది. ఆ మోకాలి మీద ఇంకో బరువు వెయ్యడానికి చెయ్యి రాలేదు.

"ఏమిటక్కా, పొద్దున్నే కోటు లేకుండా దర్శనం. ఇవాళ సెలవా, సన్యాసమా?"

ఆమె క్లాంపును బల్ల మీద పెట్టి, "దీని మీద గోరు నొక్కి చూడండి" అంది.

నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. మొహంలో నవ్వు అలాగే ఉండి రంగు మాత్రం పోయింది.

"పుస్తకం చూసే మార్చానక్కా. నాలుగుసార్లు చూశాను. అందులో లేదు." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "లేదు కదా?" అన్నాడు.

ఆ ఆఖరి మాటలో ఆయన అడిగింది ఏమిటో ఇద్దరికీ తెలుసు. తెరిచి ఉన్న పుటనూ, పక్కన ఉన్న కలాన్నీ ఆయన చూశాడు.

"లేదు" అంది ఆమె. "పదండి, పెద్దాయన దగ్గరికి."

పెద్దాయన ఆ ఫ్యాక్టరీ యజమాని. మొదటి ఇస్త్రీపెట్టెను తన చేత్తో అతికినవాడు. ఇప్పటికీ కుడి చేతి రెండు వేళ్ళ మీద కాలిన మచ్చలున్నాయి. ఆమె క్లాంపు మళ్ళీ బిగించి పట్టుకొచ్చిన తన ఇంటి పెట్టెను ఆయన అందుకుని, వైరు పట్టుకుని లాగాడు. వైరు వచ్చింది. పెట్టెను మెల్లగా కింద పెట్టాడు.

"మార్చింది ఎవరు?"

పర్చేజు ఆయన నోరు తెరిచేలోపే చుక్కలక్క అంది: "మార్చకూడదని చెప్పాల్సింది నేనండీ. చెప్పలేదు."

"పుస్తకంలో?"

ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందు తిప్పి పెట్టింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, ఒకటి నుంచి పదమూడు దాకా వేలు పెట్టి చదివాడు. ఖాళీ గీత దగ్గర వేలు ఆగింది.

"నువ్వు వదిలేస్తే ఇంకెవరూ కనిపెట్టేవాళ్ళు కాదు గదమ్మా" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా అనిపించింది. "ఇన్నాళ్ళూ ఈ పుస్తకాన్ని తలకింద పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయాను."

"తెలుసండీ."

"లారీ ఆపమని చెప్పు" అన్నాడు పర్చేజు ఆయనతో. తరవాత పుస్తకం మూసి, ఆమెకు తిరిగి ఇవ్వకుండా తన సొరుగులో పెట్టుకున్నాడు. "బయటినుంచి ముగ్గుర్ని పిలిపిస్తాను. అన్ని రకాలూ మళ్ళీ మొదటినుంచి చూడాలి. నువ్వు వాళ్ళకి చెయ్యందించు."

"అలాగేనండీ. కొనుక్కున్నవాళ్ళకి ఫోన్లు నేను చేస్తాను."

"అది ఆఫీసువాళ్ళు చూసుకుంటారులే."

"నేను చేస్తానండీ" అంది మళ్ళీ. ఆయన ఇంక కాదనలేదు.

పెరట్లో ఆరు వందల పెట్టెలూ దిగాయి. ప్యాకింగ్ వాళ్ళకు రెండు రోజుల పని పాడైంది. "కట్టేదీ మేమే, విప్పేదీ మేమే" అని ఒకరు, "చుక్కలు పెట్టే ఆవిడే గుడ్డిదైతే మనం టార్చిలైటు పట్టాలా" అని ఒకరు, ఆమెకు వినపడేటంత దూరంలోనే అనుకున్నారు. అనడంలో తప్పేముంది. ఆమె తల వంచుకుని వాళ్ళ పక్కనుంచే వెళ్ళింది. ఆ రోజు కూడా మూడు గంటలకు టీ వచ్చింది. పిన్ని మూత తీసి, ఆమె తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని వెళ్ళింది.

దుకాణాల్లో మిగిలినవీ, పనివాళ్ళకు ఇచ్చినవీ వెనక్కి వచ్చాయి. ఇళ్ళకు వెళ్ళినవి మూడు వందల పన్నెండు. గ్యారంటీ కార్డుల మీద ఉన్న ఫోన్ నంబర్లన్నీ కాగితాల మీదకు ఎక్కించుకుని, ఆఫీసు హాల్లో గోడవార ఒక బల్ల దగ్గర కూర్చుంది చుక్కలక్క. ఇరవై రెండేళ్ళలో రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడవలసి వచ్చింది.

"నమస్కారమండీ. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె గురించి చేస్తున్నాను. దయచేసి దాన్ని ప్లగ్గులో పెట్టకండి. మా మనిషి వచ్చి బాగుచేసి ఇస్తాడు. తప్పు మాదేనండీ."

"ఏం తప్పు? మా ఆయన కంటే అదే నయం, చెప్పగానే వేడెక్కుతుంది."

"అయినా సరేనమ్మా, వాడకండి."

కొందరు తిట్టారు. కొందరు ఏదో అమ్మడానికే ఫోన్ చేసిందనుకుని పెట్టేశారు. వాళ్ళకు మళ్ళీ చేసింది. ఒకామె, "మీ గొంతు నీరసంగా ఉంది, తిన్నారా" అని అడిగింది. ఆ మాటకు ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు రిసీవరు మీద చెయ్యి అలాగే ఉంచింది చుక్కలక్క. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో వెనకాల చప్పుడుని బట్టి తెలిసేది. గిన్నెలు, దగ్గులు, ఎవరో ఎవరినో పిలవడం. ఒక్కొక్కసారి అవతల ఏ చప్పుడూ ఉండేది కాదు. అప్పుడు ఆమె మాటలు కాస్త నెమ్మదిగా చెప్పేది.

మూడో రోజు పర్చేజు ఆయన ఒక కుర్చీ లాక్కొచ్చి ఎదురుగా వేసుకున్నాడు.

"సగం కాగితాలు ఇటివ్వండక్కా."

"మీకెందుకు బాబూ."

"కొన్నది నేనే కదా. ఇవ్వండి." కాగితాలు అందుకుని, చూపు వాటి మీదే ఉంచి, "ఆ రోజు మీ కలం మూత తీసి ఉంది" అన్నాడు. ఆమె మొదటి నంబరు మీద వేలు పెట్టి చూపించింది.

ఆయనకు ఫోనులో బేరం ధోరణి పోయేది కాదు. "ఆఖరి మాట చెప్పండి, ఇస్త్రీ మానేస్తారా మానరా" అని గద్దించేవాడు. హాల్లో వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. ఇద్దరూ కలిసి పదహారు రోజుల్లో మూడు వందల పదకొండు పూర్తిచేశారు. కొన్ని ఇళ్ళలో వైరు అంగుళం దాకా జారిందని బాగుచేసే మనిషి వచ్చి చెప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె పెదవులు కదిలేవి.

మిగిలింది ఒక్కటి. ఆ నంబరు మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. పొద్దున చేసింది, మధ్యాహ్నం చేసింది, చీకటి పడే ముందు చేసింది.

"ఊరెళ్ళి ఉంటారక్కా. ఊళ్ళో లేకపోతే ఇస్త్రీ కూడా చెయ్యరు. వదిలెయ్యండి" అన్నాడు పర్చేజు ఆయన.

"ఇంట్లోనే ఉండి ఎత్తలేకపోతే?"

ఆయన గ్యారంటీ కార్డు వెతికి ఆమె చేతికిచ్చాడు. కార్డు మీద చిరునామా ఉంది. ఆ ఆదివారం చుక్కలక్క ఒక గట్టి క్లాంపు, స్క్రూడ్రైవరు రుమాలులో చుట్టుకుని బస్సెక్కింది. రెండు బస్సులు మారి, ఊరి అవతలి చివర దిగింది.

వరసగా ఒకే రకం చిన్న ఇళ్ళు. ముందు ఇరుకు వరండా, కిటికీకి సగం పరదా. నంబరు చూసుకుని తలుపు కొట్టింది. పలుకు లేదు. మళ్ళీ కొట్టింది. కిటికీ దగ్గరకు వెళ్ళి పరదా పక్కనుంచి చూసింది.

లోపల డెబ్బై ఏళ్ళ మనిషి ఒకామె, వీపు ఇటు పెట్టి, బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఆ పెట్టే. పిడి వెనక వైరుకు గుడ్డపీలిక చుట్టి ఉంది. పెట్టె ముందుకు పోయినప్పుడల్లా పీలిక పిడికి దూరంగా జరిగి, మళ్ళీ దగ్గరకు వస్తోంది.

"అమ్మా" అని పిలిచింది చుక్కలక్క. గట్టిగా పిలిచింది. ముసలామె మెడ కూడా తిప్పలేదు. ఫోన్ ఇన్ని రోజులు ఎవరూ ఎత్తకుండా ఎందుకు మోగిందో అప్పుడు అర్థమైంది.

కిటికీ బాదితే ఆ అదురుకు ఉలిక్కిపడి వైరు లాగుతుందేమో. తలుపు లోపల గడియ. చుక్కలక్క వరండా అంతా కళ్ళతో వెతికింది. తలుపు పైన, చిన్న చెక్క మూత వెనక, మీటరు బోర్డు. అందనంత ఎత్తు. వరండాలో బోర్లించిన బకెట్టు ఎక్కి, మూత తీసి, చెయ్యి చాచి, మెయిను స్విచ్చు కిందకు లాగేసింది. గదిలో తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించింది. ముసలామె తల ఎత్తి ఫ్యాను వంక చూసి, పెట్టె నిలబెట్టి, కరెంటు పోయిందా అని చూడటానికి తలుపు తీసింది. ఎదురుగా బకెట్టు మీద ఒక ఆడమనిషి, చెయ్యి బోర్డు మీదే ఉంది.

"ఎవరమ్మా నువ్వు? నా కరెంటు నీకేం చేసింది?"

చుక్కలక్క దిగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పింది. సగం వినపడి ఉంటుంది. మిగతా సగం స్క్రూడ్రైవరు చూసి అర్థం చేసుకుంది. లోపలికి రమ్మని చెయ్యి ఊపింది.

పెట్టె చల్లారాక విప్పితే, క్లాంపు పేరుకే ఉంది. కరెంటు వచ్చే వైరు కొస స్క్రూ కిందనుంచి దాదాపు బయటికి వచ్చేసింది. రెండు రాగి పోగులు మాత్రం ఇంకా పట్టుకుని ఉన్నాయి. ఇంకో నాలుగు దుప్పట్లయి ఉంటే. చుక్కలక్క చేతులు ఒడిలో పెట్టుకుని, లోపల్లోపలే దేవుడికి చెప్పవలసింది చెప్పుకుంది. తరవాత వైరు కొస కొత్తగా చీల్చి, మెలిపెట్టి, స్క్రూ కింద బిగించింది. కొత్త క్లాంపు వేసింది. ఇరవై అయిదుసార్లు లాగి చూసింది. ముసలామె పక్కనే కూర్చుని, ఆమె లాగినన్నిసార్లూ వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది.

"ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి బట్టలు ఇస్త్రీ చేశానమ్మా. ఇప్పుడు ఇరుగుపొరుగువి చేస్తాను. ఊరికే కూర్చుంటే పొద్దుపోదు" అంది, చెవిటివాళ్ళు మాట్లాడే ఆ గట్టి గొంతుతో. "వైరు వదులైందని నేనే గుడ్డ చుట్టుకున్నా. నువ్వు ఎక్కణ్ణించి వచ్చావు?"

చెప్పింది.

"అంత దూరం నుంచి ఒక్క పెట్టె కోసమా?"

"ఆ ఒక్కటే మిగిలిందమ్మా."

"ఏంటీ?"

"మిగిలింది మీరొక్కరే" అని చెవిలో చెప్పింది.

ముసలామె ఆ మాటను కాసేపు తనలో తిప్పుకుంది. "ఇంకా నేనొక్కదాన్నే ఉన్నానని ఎవరికో తెలుసన్నమాట" అని నవ్వింది. పళ్ళు నాలుగే ఉన్నాయి. చుక్కలక్క మెయిను వేసి వచ్చాక దుప్పటి పూర్తిచేసింది. మడత పెట్టడానికి రెండో కొస పట్టుకోమంది. చెరో వైపు పట్టుకుని, దగ్గరకు నడిచి, కొసలు కలిపి, మళ్ళీ దూరంగా నడిచి, అలా ఆరు దుప్పట్లు మడిచారు. చుక్కలక్క వెళ్ళొస్తానంటే, ఆమె గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తమ్మా అని భుజం తట్టింది. మళ్ళీ రమ్మనలేదు. చుక్కలక్క కూడా మళ్ళీ వస్తాననలేదు. ఇద్దరికీ అలవాటు లేని మాట అది.

బస్సు స్టాపులో ఎవరూ లేరు. ఎండ ఇంకా తగ్గలేదు. చుక్కలక్క రుమాలులోంచి కాగితం తీసి, ఆఖరి పేరు పక్కన టిక్కు పెట్టింది. పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది. మూడు వందల పన్నెండు ఇళ్ళు. ఏ ఇంటికీ ఇక ఫోన్ చెయ్యవలసిన పని లేదు, ఏ ఇంటి గిన్నెల చప్పుడూ ఇక వినపడదు. ఎవరికీ ఏమీ కాలేదు. కోరుకున్నది అదే. రేపటినుంచి బయటినుంచి వచ్చిన ఆ ముగ్గురి పక్కన నిలబడి, అడిగిన ముక్క అందించాలి. వాళ్ళు చిన్నవాళ్ళు, ఓపిగ్గా మాట్లాడతారు, కరెంటు పోని ముక్కల్ని కూడా ఒక్కొక్కటే అడుగుతారు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు, "ఎక్కుతావా అమ్మా?" అని తల బయటపెట్టాడు.

"తరవాతి దానికి వస్తా నాయనా" అంది.

కండక్టరు తల ఊపి ఈల వేశాడు. బస్సు పోయాక ఆమె వీధి చివర వరసగా ఉన్న ఆ చిన్న ఇళ్ళ వైపు తిరిగి, కాగితం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వాటిలో ఒకదాని కిటికీ పరదా వెనక, ఎవరో ఇంకా ఇస్త్రీ చేస్తూనే ఉన్నారు.